‘ఎలా ఉంది?’ అని అడగని వారం

పోయిన వారం మనం ముళ్ళ మేడాన్ని ఫిజియోథెరపీ గదిలో, వెనక్కి ఒరగని ఇనప కుర్చీ మీద కూర్చోబెట్టి వదిలేసి వచ్చాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

ఆవిడ చేతి గడియారాలు బాగు చేస్తుంది. ముల్లు విరిగినా వంగినా బజారంతా ఆవిడ దగ్గరికే పరిగెత్తేది కాబట్టి ముళ్ళ మేడం అయింది. మాట కూడా కాస్త గుచ్చుకుంటుంది కాబట్టి ఆ పేరు ఊడలేదు. ఇరవయ్యారేళ్ళు కంటికి భూతద్దం తగిలించుకుని బల్ల మీదికి వంగిన మెడ, మూడేళ్ళ కిందట ఒక రోజు ఎదురు తిరిగింది. మాత్రలు, మెడపట్టీ, వేడి కాపడం, మెత్తటి దిండు, గట్టి దిండు, అసలు దిండే లేకపోవడం, అన్నీ అయ్యాయి. పధ్నాలుగు నెలల కిందట కొట్టు షట్టరు దించేసింది. ఆ కొట్టుని పక్కనే ఫోన్లు బాగు చేసే ఆయన తీసుకుంటానంటున్నాడు. నెలాఖరుకి అవునో కాదో చెప్పాలి. ‘ఇచ్చేస్తాను’ అనే మాట ఆవిడ గొంతు దాకా వచ్చి అక్కడే కూర్చుంది.

ఆ గదిలో రెండో మనిషి ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. ముళ్ళ మేడం ఎదురుగా ఉంటే ‘డాక్టరమ్మా’ అంటుంది, పక్కకి వెళితే ‘మెడ పిల్ల’ అంటుంది. ఆరు వారాల కిందట ఈ మెడ పిల్ల ఒక నోటు పుస్తకం ఇచ్చి, రోజూ సాయంత్రం నొప్పికి సున్నా నుంచి పది లోపల ఒక అంకె వేయమంది. పక్కనే ఆ రోజు ఏం చేశారో, దగ్గర ఎవరున్నారో రాయమంది. మొన్న ఆ పుస్తకం తిరగేసి, పన్నెండు రోజుల చుట్టూ పెన్సిలుతో గీత గీసి, “ఈ పన్నెండు రోజులూ మీరెక్కడున్నారు?” అని అడిగింది. అక్కడ ఆగాం.

“ఎక్కడుంటాను? మా చెల్లెలింట్లో,” అంది ముళ్ళ మేడం. “లాండ్రీ నడుపుతుంది. తడి నేల మీద జారి కాలు విరగ్గొట్టుకుంటే చూసి వద్దామని పోయాను.”

“చూసి రావడానికి పన్నెండు రోజులు పట్టిందా?”

“చూడ్డానికి పోయినదాన్ని చేయడానికి కూర్చోబెట్టింది. దానికి ఆరేళ్ళ కవల ఆడపిల్లలు. మొగుడు లాండ్రీలోనే ఉంటాడు. ఇక నేను తప్ప ఎవరున్నారు?”

“అక్కడ పడక బాగుంటుందా?”

“పడకా! కింద బొంత మీద పడుకున్నాను తల్లీ. ఒకదాని కాలు నా మెడ మీద, రెండోదాని తల నా పొట్ట మీద. పొద్దున లేస్తే నా చెయ్యేదో దాని చెయ్యేదో తెలిసేది కాదు.”

మెడ పిల్ల నవ్వలేదు. పెన్సిలు కొనతో అంకెలు చూపించింది. నాలుగు, మూడు, మూడు, నాలుగు, రెండు, మూడు. దానికి ముందు పేజీలో ఏడు, ఏడు, ఎనిమిది. తర్వాత పేజీలో మళ్ళీ ఏడు.

“పనేం చేశారు?”

“ఏం చేయలేదని అడుగు. వంట, గిన్నెలు, పిల్లల జడలు, డాబా మీద దుప్పట్లు ఆరేయడం. అది మహారాణిలా కట్టుకాలు చాపుకుని కూర్చుని ‘అక్కా, ఉప్పు తగ్గింది’ అనేది.”

“నొప్పి రాలేదా?”

“ఎందుకు రాదు? వచ్చింది. దాంతో చెప్పాను కూడా. ‘ఉంటుందిలే అక్కా, ఆ దుప్పటి అంచు ఇటు పట్టుకో’ అంది. రాతిగుండెది.”

అన్నాక ఆ మాట తన చెవికే వింతగా తగిలింది ముళ్ళ మేడానికి. రాతిగుండె చెల్లెలి దగ్గర నొప్పి మూడు. ఇంట్లో ఏడు. ఆవిడ గడియారాల మనిషి. ఇలాంటి చిక్కు ఆవిడకి కొత్త కాదు. ‘మేడం, మీ కొట్లో బాగానే నడుస్తుంది, మా ఇంట్లో పెడితే ఆగిపోతుంది’ అని వచ్చినవాళ్ళని ఎంతమందిని చూడలేదు! అలాంటి గడియారాన్ని ఆవిడ ఎప్పుడూ వెంటనే విప్పలేదు. ‘ఇంట్లో ఎక్కడ పెడతారు? ఎలా పెడతారు? పక్కన ఏముంటుంది?’ అని అడిగేది. ఇప్పుడా ప్రశ్నలు తనకే ఎదురొచ్చాయి.

“తిరిగొచ్చిన రోజు మీరేం రాశారో చదవండి,” అంది మెడ పిల్ల.

ముళ్ళ మేడం తన చేతిరాత తనే చదివింది. “ఏమీ చేయలేదు. ఆయన చేయనివ్వలేదు.”

“ఆ మాట ఈ పుస్తకంలో ఇరవై మూడు చోట్ల ఉంది.”

ముళ్ళ మేడం ముళ్ళన్నీ ఒక్కసారి లేచాయి.

“అంటే నాకు నొప్పి తెస్తున్నది మా ఆయనంటావా? ఆయన నన్ను మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వడు. పువ్వుల్లో పెట్టి చూసుకుంటున్నాడు!”

“పువ్వుల్లో పెట్టినవాళ్ళు కదలరు కదండీ,” అంది మెడ పిల్ల మెల్లగా. “కదిలితే పువ్వులు నలుగుతాయని.”

“నాటకాలాడుతున్నానంటావా మరి?”

“అనను. మీ నొప్పి నిజం. మూడూ నిజమే, ఏడూ నిజమే. ఒకే మెడ ఒక ఇంట్లో మూడుగా, ఇంకో ఇంట్లో ఏడుగా ఎందుకుందో నాకు తెలీదు. తెలీదు కాబట్టే అడుగుతున్నాను. మీరు గడియారం విప్పే ముందు ఏం చేస్తారు?”

“చూస్తాను. ఒక రోజంతా ఊరికే దగ్గర పెట్టుకుని చూస్తాను.”

“అయితే ఇంటికి వెళ్ళి చూడండి.”

*

ఆ ఇల్లు మూడో అంతస్తులో ఉంది. నలభై ఎనిమిది మెట్లు. పిల్లల్లేని ఇల్లు కాబట్టి ఎక్కడ పెట్టిన వస్తువు అక్కడే ఉంటుంది. తలుపు కొట్టక ముందే తెరుచుకుంది. గార్డుగారు అడుగుల చప్పుడు పోల్చుకుంటారు మరి. ముప్పై రెండేళ్ళు గూడ్సు బండి చివరి పెట్టెలో నిలబడి, ముందున్న నలభై పెట్టెల చప్పుడులో ఏ చక్రం తేడాగా మోగుతోందో చెప్పిన మనిషి. ఉద్యోగం ముగిసి మూడేళ్ళయినా అందరికీ ఇంకా గార్డుగారే.

“సంచి ఇలా ఇవ్వు. మెల్లగా. మెట్లు ఆగి ఆగి ఎక్కావా? ఎలా ఉంది?”

ఒకటి, అనుకుంది ముళ్ళ మేడం మనసులో.

మర్నాడు పొద్దున లేచింది మొదలు ఆవిడ పాత పేపరు అంచు మీద గీతలు గీయడం మొదలుపెట్టింది. గార్డుగారు కాఫీ తెచ్చి పెట్టి ఎలా ఉంది అన్నారు, గీత. స్నానానికి నీళ్ళు తోడి ఎలా ఉంది, గీత. నోరు తెరవకుండా కనుబొమలు ఎగరేస్తే దానికి సగం గీత గీద్దామా అనుకుంది. కాసేపు ఆలోచించి దానికీ పూర్తి గీతే గీసింది. దీపాలు పెట్టే వేళకి ముప్పై ఒకటి అయ్యాయి.

కానీ ఆవిడని ఆశ్చర్యపెట్టింది ఆ ముప్పై ఒకటి కాదు. పదో పదకొండో గీత దగ్గర ఒక సంగతి కనిపెట్టింది. ఆయన అడిగిన ప్రతిసారీ తన చెయ్యి తనకు చెప్పకుండానే మెడ వెనక్కి పోతోంది. అక్కడ వేళ్ళు తడుముతున్నాయి. వెతికితే దొరకనిదేముంది? దొరికేది. “అలాగే ఉంది” అనేది. ఆ మాట అన్నాక నిజంగానే కాసేపు అలాగే ఉండేది.

రెండో రోజు ఇంకొకటి జరిగింది. మధ్యాహ్నం గార్డుగారు రోజూ వెళ్ళినట్టే నడకకి వెళ్ళారు. కిటికీ తెర కడ్డీ నుంచి ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఆవిడ స్టూలు జరుపుకుని, ఎక్కి, చేతులు పైకెత్తి, తల వెనక్కి వాల్చి, తెర కొక్కేలు ఒక్కొక్కటే తగిలించింది. పట్టేసింది, నిజమే. ఓర్చుకుంది. ఏడు కొక్కేలూ తగిలించి కిందికి దిగి, ‘ఫరవాలేదే!’ అనుకుంటూ ఉండగా మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

అప్పుడేం జరిగిందో ఆవిడ తర్వాత చాలాసార్లు తలుచుకుంది. ఎవరూ చెప్పలేదు. తనూ అనుకోలేదు. స్టూలు గోడకి జరిపేసి, వాలు కుర్చీలోకి పోయి కూర్చుంది. మెడపట్టీ తీసి పెట్టుకుంది. తాళం తిరిగే లోపల నొప్పి మళ్ళీ వచ్చేసింది. నటన కాదు. నిజం నొప్పి. చెవి వెనక నుంచి భుజం దాకా తీగ లాగినట్టు.

“తెర ఎవరు తగిలించారు?” అన్నారు గార్డుగారు.

“పక్కింటావిడ వచ్చి తగిలించి పోయింది.”

అబద్ధం అంత నున్నగా జారిపోయింది. నేను దొంగనా? ఇన్నాళ్ళూ దొంగతనం చేస్తున్నానా? ఆ సాయంత్రం పుస్తకంలో అంకె వేయడానికి పెన్ను కదల్లేదు. చివరికి రెండు అంకెలు వేసింది. ‘ఆయన రాక ముందు నాలుగు. వచ్చాక ఏడు.’ వేసి, ఆ రెంటి మధ్య ఖాళీ చోటు వైపు చాలాసేపు చూస్తూ కూర్చుంది. అందులో భయం లేదు. సరిగ్గా చెప్పాలంటే, విప్పి చూడని గడియారం చేతికొచ్చినప్పుడు కలిగే దురద లాంటిదేదో ఉంది.

*

మర్నాడు కాఫీ తాగుతూ చెప్పేసింది.

“ఏవండీ, ఒక్క వారం రోజులు మీరు నన్ను ‘ఎలా ఉంది’ అని అడగకూడదు.”

గార్డుగారు గ్లాసు కింద పెట్టారు. “అంటే?”

“నోటితోనూ అడగకూడదు, కనుబొమలతోనూ అడగకూడదు. నా చేతిలో ఏదుంటే అది లాక్కోకూడదు. పడితే పడనివ్వండి. కావాలంటే నేనే పిలుస్తాను.”

“ఆ మెడ పిల్ల నూరిపోసిందా?”

“చూడమంది. చూశాను. నిన్న తెర తగిలించింది పక్కింటావిడ కాదు, నేను.”

ఆయన తెర వైపు చూశారు. ఆవిడ మెడ వైపు చూశారు. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ గ్లాసుల్లోకి చూశారు. నిజానికి తేలు ఒకరినే కుట్టాలి.

“మూడేళ్ళు కంటికి రెప్పలా కాచుకున్నాను,” అన్నారాయన చివరికి. “ఆ రెప్పే గుచ్చుకుంటోందంటావు.”

“అనలేదు. గుచ్చుకుంటోందో లేదో చూద్దాం అంటున్నాను. ఒక్క వారమే కదా.”

“సరే,” అన్నారు. ఆ ‘సరే’లో ఎంత అలక ఉందంటే, గ్లాసులు ఆయనే కడిగి బోర్లించి, ఆ చప్పుడంతా ఆవిడకి వినిపించేలా చేశారు.

మొదటి రోజు నరకం. పుస్తకంలో ఎనిమిది వేసింది. బిందె ఎత్తబోతే భుజం పట్టేసింది. అలవాటుగా వెనక్కి చూసింది. ఆయన గుమ్మంలో చేతులు వెనక్కి కట్టుకుని, బండి వెళ్ళిపోయిన ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు నిలబడి ఉన్నారు. పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. ఆవిడ సగం నీళ్ళు ఒలకబోసి, సగం బిందె ఎత్తుకుంది.

రెండో రోజు కూడా ఎనిమిదే. ఇదంతా పిచ్చి అనిపించింది. ఫోన్లాయనకి కబురు పెట్టేద్దామా అనుకుంది. చెల్లెలికి ఫోను చేస్తే అది, “బావ అడగట్లేదా? అబ్బ, అదృష్టవంతురాలివి. మా ఆయన అడగడం మొదలుపెడితే నేను పారిపోతాను,” అని, “ఆగాగు, పిల్ల బల్లెక్కింది,” అని పెట్టేసింది.

మూడో రోజు నుంచి మెడ పిల్ల నేర్పిన పని మొదలుపెట్టింది. గడ్డాన్ని కుడి భుజం మీదికి, తర్వాత ఎడమ భుజం మీదికి, పదేసి సార్లు. నొప్పి మొదలైన చోట ఆగి, ఊపిరి వదిలి, ఇంకో వెంట్రుకవాసి ముందుకి పోవడం. ఇన్నాళ్ళూ ఎవరైనా పిలిస్తే మనిషంతా తిరిగేది, అల్మారా తలుపు తిరిగినట్టు. నాలుగో రోజు వంటింట్లో ఏదో పడిన చప్పుడైతే తల ఒక్కటే తిరిగింది. తిరిగాక గాని తెలియలేదు తిరిగిందని. ఐదో రోజు అంకె ఐదు. వేసి, ఐదు పక్కన చిన్న ప్రశ్న గుర్తు పెట్టుకుంది.

గార్డుగారు మాత్రం రోజురోజుకీ నీరసించిపోయారు. మధ్యాహ్నం నడక తప్పిస్తే మనిషి ఇంట్లోనే ఉన్నాడు, చేయడానికి పని లేదు. మూడు సార్లు పేపరు చదివారు. ఉన్న మేకులన్నీ సీసాలో పోసి మళ్ళీ బయటికి తీశారు. భోజనం దగ్గర ఎదురెదురుగా కూర్చుంటే గరిటె చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆ నిశ్శబ్దం ముళ్ళ మేడానికి ఎక్కడో విన్నట్టే ఉంది. ఎక్కడ విందో ఆరో రోజు గాని అర్థం కాలేదు.

ఆరో రోజు మధ్యాహ్నం. ఆవిడ గిన్నె తోముతోంది. గార్డుగారు వంటింటి గుమ్మం దాకా వచ్చారు, వెనక్కి వెళ్ళారు, మళ్ళీ వచ్చారు.

“ఇక నా వల్ల కాదు,” అన్నారు.

“అడక్కండి.”

“అడగను! అడక్కపోతే మరి నేను నీతో ఏం మాట్లాడాలి?” అని అరిచారు.

గిన్నె చేతిలో ఆగిపోయింది. ఆయన గొంతు అంత పెద్దదని ఆవిడ మరిచిపోయింది.

“చెప్పు, ఏం మాట్లాడను? నాకు తెలిసిందల్లా రైళ్ళు. నీకు తెలిసిందల్లా గడియారాలు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి నువ్వు కొట్లో ఉండేదానివి. నువ్వు వచ్చేసరికి నేను బండెక్కేవాణ్ణి. ఇన్నేళ్ళ కాపురం చీటీల మీద చేశాం. ‘పాలు తెచ్చాను, తలుపు గడియ సరిగ్గా పడట్లేదు చూసుకో.’ అవే చీటీలు. ఉద్యోగం అయిపోయి ఇంటికొచ్చి కూర్చుంటే, ఈ మనిషితో ఏం మాట్లాడాలో తెలీక చెమటలు పట్టాయి నాకు. ఆ నెలలోనే నీకు మెడ పట్టేసింది. దేవుడా అనుకున్నాను. బాధపడ్డాను. అబద్ధం ఎందుకు, కాస్త ఊపిరి కూడా పీల్చుకున్నాను. నాకు ఇంట్లో ఉద్యోగం దొరికింది.”

కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి. ముళ్ళ మేడం కట్టేయలేదు.

ఆ నిశ్శబ్దం ఎక్కడ విందో ఇప్పుడు అర్థమైంది. మెడనొప్పికి ముందు ఈ ఇంట్లోనే విన్నది. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, నేల వైపు చూస్తూ అంది.

“నేను కూడా ఒకటి చెప్పనా? మీరు రిటైరయి వచ్చిన కొత్తలో రోజూ ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఫలానా గడియారం వచ్చింది, ఫలానా ఆవిడ ఇలా అంది అని. మీరు కిటికీలోంచి దూరంగా పోయే బండి పెట్టెలు చూస్తూ ఉండేవాళ్ళు. ఒక రోజు ‘మెడ లాగుతోందండీ’ అన్నాను. తల తిప్పి నా వైపు చూశారు. పెళ్ళయ్యాక అంత సూటిగా చూడ్డం అదే మొదలు. నేనేం కావాలని తెచ్చుకోలేదు. కానీ ఆ చూపు మళ్ళీ పోతుందేమోనని... ఏమో. మెడకి తెలుసేమో.”

గార్డుగారు వచ్చి కుళాయి కట్టేశారు.

“ఇంకొకటుంది,” అన్నారు. “అది చదివాక నువ్వు నన్ను ఇంట్లో ఉంచుకుంటావో లేదో.”

లోపలికి పోయి, తన చొక్కాల అడుగు నుంచి ఒక మడత కాగితం తెచ్చారు. పధ్నాలుగు నెలల కిందట పెద్ద డాక్టరు రాసిచ్చిన కాగితం అది. ఆ రోజు ఎక్స్‌రే చూశాక, ఆవిడ బయట బల్ల మీద కూర్చుని ఉంటే ఆయన చేతికిచ్చారు. బయటికొచ్చి ‘పూర్తి విశ్రాంతి అన్నారు, కొట్టు మూసేయాల్సిందే’ అని ఆయనే చెప్పారు.

కాగితంలో ఉన్నది ఏడు లైన్లు. ఎముకలకి ప్రమాదం ఏమీ లేదు. మెడ కదలకుండా ఉంచడం వల్ల మేలు కన్నా కీడు ఎక్కువ. రోజూ అరగంటతో మొదలుపెట్టి, మధ్యమధ్య లేచి తిరుగుతూ, మెల్లమెల్లగా పనిలోకి వెళ్ళాలి. ‘పని మానవద్దు’ అన్న మాట కింద గీత కూడా ఉంది.

ముళ్ళ మేడం రెండుసార్లు చదివింది. మూడోసారి చదువుతుంటే అక్షరాలు కదిలాయి.

“పధ్నాలుగు నెలలు,” అంది.

“భయపడ్డాను. పనికి పోతే ఇంకా పాడవుతుందని కొంత. పనికి పోతే పొద్దున పోయి చీకటి పడ్డాక వస్తావని కొంత. ఏది ఎక్కువో నన్నడక్కు, నాకే తెలీదు.”

తిడుతుందనుకున్నారు. కాగితం విసిరి కొడుతుందనుకున్నారు. అవన్నీ చేయాలనే అనిపించింది ఆవిడకి. కోపం కాళ్ళ నుంచి పైకి వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకో ప్రశ్న వచ్చి ముందు నిలబడింది.

“నేనెందుకు అడగలేదు?” అంది పైకే. “డాక్టరు ఏదో రాసిచ్చాడని తెలుసు. చదువొచ్చినదాన్ని. ‘ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వండి’ అని ఒక్కసారి అడగొచ్చుగా. పధ్నాలుగు నెలల్లో ఒక్కసారీ అడగలేదు. ఎందుకంటారు?”

జవాబు దొరక్కపోయినా అడగడం బాగుంది. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది.

“మీ సంగతి తీరిగ్గా తేలుస్తాను. అంత తేలిగ్గా వదలను. ముందు పదండి, కొట్టు తీద్దాం. ఇవాళ అరగంట కూర్చుంటాను.”

గార్డుగారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. “ఇవాళా? ఇప్పుడా? రేపు పొద్దున...”

“రేపటికి రూపు లేదు. చెప్పులు వేసుకోండి.”

“అది కాదు, నీకొక మాట చెప్పాలి.”

“దారిలో చెప్పండి.”

దారిలో ఆయన మూడుసార్లు మొదలుపెట్టారు. మొదటిసారి లారీ హారను కొట్టింది. రెండోసారి పాత ఖాతాదారు ఒకావిడ ఎదురై, ‘మేడం, ఎన్నాళ్ళకి!’ అని చెయ్యి పట్టుకుంది. మూడోసారి ఆయనే మానేశారు. ముళ్ళ మేడానికి అవేం పట్టలేదు. ఆవిడ నడుస్తూ కుడి పక్క కొట్లు చూసింది, ఎడమ పక్క కొట్లు చూసింది. మెడ లాగుతూనే ఉంది. లాగనీ. తాళాల కొట్టుకి కొత్త రంగు వేశారు. చెప్పుల కొట్టాయన మీసం తీసేశాడు. ఇన్నాళ్ళూ నేల చూస్తూ నడిచానా నేను, అనుకుంది.

మలుపు తిరగ్గానే తన కొట్టు కనిపించింది. షట్టరు నడుం ఎత్తు దాకా లేచి ఉంది. లోపల బల్ల దీపం వెలుగుతోంది.

ఫోన్లాయన అప్పుడే చొరబడ్డాడనుకుని, తిట్లు నోట్లో సిద్ధం చేసుకుంటూ ఆవిడ వంగి షట్టరు కిందుగా లోపలికి దూరింది. అలా వంగగలిగానని కూడా గమనించలేదు. బల్ల దగ్గర తెల్లజుట్టు మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. కంటికి భూతద్దం. పట్టకారు పట్టుకున్న తీరు, చిటికెన వేలు బల్లకి ఆనించి మిగతా చెయ్యి గాల్లో ఉంచే ఆ తీరు, ప్రపంచంలో ఇద్దరికే ఉంది. ఒకరు తను. రెండోవారు, తల్లి పోయాక తనని పక్కన కూర్చోబెట్టుకుని ఈ పని నేర్పిన మనిషి. ‘ఇంట్లో ఉండని మొగుణ్ణి చేసుకుంటావా, అయితే నీ మొహం నాకు చూపించకు’ అని వెళ్ళిపోయి, ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉన్నాడో లేడో కూడా తెలియనివ్వని మనిషి.

“నాన్నా?” అంది.

ఆయన తలెత్తలేదు. చేతిలో ఉన్న గడియారం వైపే చూస్తూ, నిన్ననే మాట్లాడుకున్నట్టు విసుగ్గా అన్నాడు.

“ఎన్నిసార్లు చెప్పాలి? వెలుతురుకి అడ్డం రావద్దని.”

ముళ్ళ మేడం తన నీడ బల్ల మీద పడుతోందేమోనని చూసుకుంది, పడట్లేదు. ఆవిడ వెనకాలే దూరి వచ్చి వెలుతురుకి అడ్డంగా నిలబడ్డది గార్డుగారు. ఆ మాట వినగానే ఆయన ఏమీ ఆశ్చర్యపోకుండా, రోజూ మధ్యాహ్నం నడకల్లో విని విని అలవాటైపోయిన మనిషిలా, చప్పున రెండడుగులు పక్కకి తప్పుకున్నారు.